నీలం మందు, ఎర్ర దీపం

హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళకి నీలం మందు గుర్తుండే ఉంటుంది. అసలు పేరు జెన్షన్ వయొలెట్. మేం నీలం అనేవాళ్ళం గానీ నిజానికది నేరేడు పండు రంగు. గజ్జి వచ్చి, గోకి గోకి చీము పట్టిన పుళ్ళ మీద దూదితో అద్దేవాళ్ళు. దాంతోపాటు తెల్ల మందు ఒకటుండేది, బెంజైల్ బెంజొయేట్. అది పూస్తే భగ్గుమనేది. పూయించుకున్నవాడు హాస్టల్ వెనక పెరట్లో గంతులెయ్యడం, మిగతావాళ్ళం నవ్వడం, తర్వాత మన వంతు రావడం. ఎనభైల చివర్లో సంగతి ఇది.

తెల్ల మందు మంట పావుగంటలో పోయేది. నీలం మందు రంగు వారం పోయేది కాదు. అసలు బాధంతా అక్కడ. అన్నానికి పళ్ళెం పట్టుకుని వరసలో నుంచుంటే వేళ్ళు కనపడతాయి కదా. నీలం వేళ్ళవాడి ముందొకడు, వెనకొకడు చెరో అడుగు జరిగేవాడు. ఏడో తరగతిలో నాకు గజ్జి పట్టినప్పుడు ఆ అడుగు దూరం తల్చుకుని నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. రాత్రి దుప్పట్లో గోక్కోవడం, పగలు చేతులు జేబుల్లో పెట్టుకోవడం. ఒకసారి పట్టుకుని పూసేస్తే నిమ్మచెక్క, ఇటుక పొడి పెట్టి రుద్దాను. రంగు పోలేదు, తోలు పోయింది. ఈలోగా నా పక్క బొంతలో పడుకునేవాడికీ, వాడి పక్కవాడికీ అంటించాను. అంటించింది నేనేనని వాళ్ళకి ఇప్పటికీ తెలీదు.

మాది బూర్గంపాడు. కిన్నెరసాని వెళ్ళి గోదాట్లో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది. సారపాక మీదుగా వంతెన దాటితే భద్రాచలం. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మాకు మాత్రం ఇంకా నోటికి ఖమ్మమే వస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2022 మొదట్లో ఒక రాత్రి ఆఫీసు పని వదిలేసి ఏదో చదువుతూ, దాన్నుంచి ఇంకోటి చదువుతూ (ఈ జబ్బు మా వృత్తిలో అందరికీ ఉన్నదే) ఒక వింత వైద్యం దగ్గర తేలాను. చర్మం మీద పుండుకి ఒక రంగు పదార్థం పూసి, దాని మీద వెలుతురు పడేస్తారు. రంగు ఒక్కటే ఉంటే ఏమీ కాదు, వెలుతురు ఒక్కటే పడినా ఏమీ కాదు. రెండూ కలిస్తే పుండులోని కణాలు చస్తాయి. ఫోటోడైనమిక్ థెరపీ అంటారు. క్యాన్సర్ వైద్యంగా కొందరు వినే ఉంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాస్కర్ జి. మైయా అనే రసాయన శాస్త్రవేత్త దీని మీద పనిచేశారు. విద్యార్థులకి అర్థమయ్యేలా 2000లో రెజొనెన్స్ పత్రికలో రాశారు కూడా. నన్ను పట్టేసింది మాత్రం క్యాన్సర్ సంగతి కాదు, పరాన్నజీవుల సంగతి.

అసలీ కథ మొదలైందే ఏకకణ జీవుల దగ్గర. మ్యూనిక్‌లో హెర్మన్ ఫాన్ టాపైనర్ అనే ప్రొఫెసరు దగ్గర ఆస్కర్ రాబ్ అని ఒక వైద్య విద్యార్థి ఉండేవాడు. 1897-98 చలికాలంలో అతనికిచ్చిన పని, అక్రిడిన్ అనే రంగు నీటిలోని పారమీషియాలని ఎంత మోతాదులో చంపుతుందో చూడమని. చూశాడు. ఒకరోజు గబుక్కున చచ్చాయి. ఇంకోరోజు అదే మోతాదుకి హాయిగా ఈదుతూ కూర్చున్నాయి. అదే కోడు, అదే ఇన్‌పుట్టు, రెండు రకాల అవుట్‌పుట్టు! మనలాంటివాళ్ళమైతే 'నా మెషీన్లో బాగానే నడుస్తోంది' అని చెప్పి చేతులు దులుపుకుంటాం. అతను అలా వదల్లేదు. రెండు రోజులకీ తేడా ఏంటా అని వెతికితే, ఒక రోజు ఉరుములూ మెరుపులతో వెలుతురు మామూలుగా లేదని తట్టిందట. చీకట్లో ఒకటి, వెలుతురులో ఒకటి పెట్టి మళ్ళీ చేశాడు. చంపుతున్నది రంగూ వెలుతురూ కలిసి. 1900లో అచ్చువేశాడు. దీనికి ఆక్సిజన్ కూడా కావాలని టాపైనర్ ఆ తర్వాత 1904 ప్రాంతంలో తేల్చాడు. రంగు అణువు వెలుతురుని పట్టుకుని ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి అందిస్తుంది. రెచ్చిపోయిన ఆ ఆక్సిజన్ చేతికందిన ప్రొటీన్లనీ కొవ్వుల్నీ పాడుచేస్తుంది. అయితే దాని ఆయుష్షు సెకనులో లక్షో వంతు కూడా ఉండదు. కాబట్టి ఎక్కడ పుట్టిందో అక్కడే చస్తుంది, ఒక కణం వెడల్పు కూడా దాటదు. లోకల్ వేరియబుల్ అన్నమాట.

తేదీలు చూస్తుంటే ఇంకో ముచ్చట కనిపించింది. రాబ్ పారమీషియాలతో కుస్తీ మొదలుపెట్టడానికి కొన్ని నెలల ముందే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ రాస్‌గారే 1903లో మరో పరాన్నజీవికి పేరు పెట్టాడు. డమ్‌డమ్‌లో జబ్బుపడి ఇంగ్లండులో చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో లీష్మన్, మద్రాసు జనరల్ ఆసుపత్రి రోగుల్లో డోనవన్ విడివిడిగా చూసిన దాన్ని ఇద్దరి పేర్లూ కలిపి లీష్మేనియా డోనవనై అన్నాడు. కాలా అజార్ దానివల్లే వస్తుంది. (అప్పుడు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ, గోదారికి ఇవతల బూర్గంపాడు నిజాం రాజ్యం. జబ్బు పడితే ఏ గట్టున పడ్డావన్నదాన్నిబట్టి దొర మారేవాడు. 2014లో మా మండలంలో కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి కాబట్టి ఆ ముచ్చట ఇంకా పాతబడలేదు.)

దాని దాయాదులు కొన్ని లోపలికి పోకుండా చర్మం మీదే పుండు పెడతాయి. ఇసుక ఈగ కుట్టిన చోట బొడిపె లేచి, పగిలి, నెలల తరబడి మానదు. మానినా గుంట పడ్డ మచ్చ ఉండిపోతుంది, ఎక్కువగా మొహం మీద. ఢిల్లీ కురుపు అని పాత పేరు. మన దేశంలో రాజస్థాన్‌లో బికనీర్ వైపు, హిమాచల్‌లో, కేరళ పడమటి కనుమల్లో ఉంది. పాత వైద్యం ఆంటిమొనీ ఇంజెక్షన్లు. పుండులోకే పొడుస్తారు, లేదా రోజుల తరబడి నరానికో కండకో ఎక్కిస్తారు. ఆ నొప్పి ఒక ఎత్తు, గుండె మీదా కాలేయం మీదా పడే ప్రభావం ఇంకో ఎత్తు.

ఈ పుండు మీద రంగూ వెలుతురూ వైద్యం పనిచేసింది! ఇరాన్‌లో 2006లో ప్రచురించిన ఒక పరీక్షలో వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు చేస్తే 31 పుళ్ళలో 29 పూర్తిగా మానాయి. పారొమొమైసిన్ పూతతో 34లో 14, ఉత్త పూతతో 30లో 4. ఇజ్రాయెల్ వాళ్ళు ఇంకో అడుగేసి, దీపమే అక్కర్లేదు పొమ్మన్నారు. క్రీము రాసి, అరగంట మూసి ఉంచి, తర్వాత రెండున్నర గంటలు పగటి వెలుతురులో కూర్చోబెట్టారు. 2015లో అచ్చయిన ఆ పనిలో 31 మంది రోగులుంటే, సగం మందికి పైగా ఇంట్లో వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నారు. ఎక్కువమందికి నయమైంది.

ఇక్కడొక మెలిక ఉంది, నాకు తెగ నచ్చింది. ఆ క్రీములో ఉన్నది అసలు రంగే కాదు. హీమ్ తయారుచేసుకోవడానికి (రక్తానికి ఎరుపు దానివల్లే) మన కణాలు వాడే ముడిసరుకు అది. ముడిసరుకు అతిగా పోస్తే కణం ఆఖరి మెట్టు దగ్గర ఇరుక్కుంటుంది, ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. వెలుతురుని పట్టే రంగు అదే. అంటే రంగు మనం పుయ్యం, కణమే తయారుచేసుకుంటుంది. కానీ లీష్మేనియాకి ఆ తయారీలో చాలా మెట్లు లేవు! హీమ్‌ని అది ఇంటివాడి దగ్గర అరువు తెచ్చుకునే రకం. అంటే క్రీము రాసినా అది రంగు చేసుకోలేదు, మరి ఎలా చస్తోంది? ఇప్పటికి ఉన్న వివరణ ఏంటంటే, అది దాక్కున్న మన తెల్ల కణమే రంగు చేసుకుని, వెలుతురు పడగానే కూలిపోతుంది. ఇల్లు కూలితే అద్దెకున్నవాడూ పోయాడు. లేని మెట్లలో రెండింటి జన్యువుల్ని షికాగో దగ్గర చాంగ్ అనే శాస్త్రవేత్త బృందం ఈ క్రిమిలోకి ఎక్కించి చూసింది. అప్పుడది తనే రంగు చేసుకుని వెలుతురులో చచ్చింది. లేని ఫంక్షన్‌ని ఎక్కించి దానిచేతే క్రాష్ చేయించారు :)

మా నీలం మందుకీ ఈ కథలో వాటా ఉంది. దక్షిణ అమెరికాలో షాగస్ అనే జబ్బు తెచ్చే క్రిమి రక్తదానం ద్వారా పాకుతుంటే, బ్లడ్ బ్యాంకుల్లో సీసా రక్తంలో జెన్షన్ వయొలెట్ కలిపి దాన్ని చంపేవాళ్ళు. ఒక రోజంతా పట్టే పని అది. వెలుతురు పెడితే ఇంకా తక్కువ మందుతో, తక్కువ సేపట్లో అయిపోతుందని తర్వాత తెలిసింది. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచి ఇంట్లో అటూ ఇటూ నడిచాను. నా వేళ్ళ మీద వారం రోజులు పెట్టుకు తిరిగిన రంగు!

అంత ఉత్సాహం వచ్చాక మనవాళ్ళు ఊరుకుంటారా. ఎరుపు ఎల్ఈడీలు తెప్పించాను, 630 నానోమీటర్లవి. ఎరుపే ఎందుకంటే నీలం కంటే అది చర్మంలోకి లోతుగా దిగుతుంది, అయినా కొన్ని మిల్లీమీటర్లే. అట్టపెట్టెలో వరసగా బిగించి, వేడెక్కకుండా ఒక ఫ్యాను పెట్టి, పదిహేను నిమిషాలకి ఆగేలా టైమర్ రాశాను. ఎవరి మీద వాడాలన్నది మాత్రం ఆలోచించలేదు. ముందు కట్టెయ్యి, వాడేవాళ్ళు తర్వాత దొరుకుతారు. మా ఆఫీసులో సగం ప్రాజెక్టులు ఇలాగే మొదలవుతాయి.

ఆ జులైలో గోదారి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు రాలేదు. గోదారి పోటుకి కిన్నెరసాని ఎగదన్ని మా ఊరు మునిగింది. జనం పునరావాస కేంద్రాల్లోనూ, మెరక మీదున్న చుట్టాలిళ్ళల్లోనూ సర్దుకున్నారు. ఒక్కో గదిలో పదేసి మంది, నాలుగేసి దుప్పట్లు. నీళ్ళు తీశాక ఆగస్టులో ఊరెళ్ళాను. మా చిన్నమ్మ ఏఎన్ఎంగా చేసి రిటైరైంది, ఏజెన్సీలో ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషి. వాళ్ళ వీధిలో పిల్లలందరికీ గజ్జి పట్టిందని ఫోన్లో చెప్పింది. దీపం పెట్టె కారులో పెట్టుకునే వెళ్ళాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏందిరా ఇది, చేపల తొట్టికి పెట్టే లైటా?"

చెప్పాను. రాబ్ దగ్గర్నుంచీ మొత్తం. ఓపిగ్గా వింది. మధ్యలో ఒకే ఒక్క మాట అడ్డం వచ్చింది. "మన బావంచాల లెక్కన్నట్టు."

అవును, అది నాకు తట్టనే లేదు. బొల్లి మచ్చల మీద బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే. వాటిలో ఉండే సొరాలెన్ కూడా ఎండ తగిల్తేనే పనిచేస్తుంది. దాని దారి వేరు, ఆక్సిజన్‌తో పెద్దగా పనిలేకుండా నేరుగా డీఎన్ఏని పట్టుకుంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. అయినా వరస ఒకటే. చిన్నమ్మకి బాగా గుర్తున్నది వైద్యం కాదు, కాలిన ఒళ్ళు. మచ్చ త్వరగా పోవాలని దిట్టంగా పూసుకుని మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్న ఒకమ్మాయికి వీపంతా బొబ్బలెక్కి ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సొచ్చిందట. రంగూ ఎండా కలిపితే చంపేది జబ్బునొక్కదాన్నే అని ఎవరూ రాసివ్వలేదు. ఇది చదివి ఎవరైనా ఇంట్లో మొదలుపెడతారేమోనని ఈ ముక్క రాస్తున్నాను, దయచేసి వద్దు.

తర్వాత ఆవిడ అసలు ప్రశ్న అడిగింది. "నువ్వు చెప్పిన పురుగు వేరు, మా పిల్లల ఒంటి మీది పురుగు వేరు కదరా?"

వేరే. లీష్మేనియా ఒకే కణం. గజ్జి పురుగుకి ఎనిమిది కాళ్ళు, పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. ఆడది చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెట్టుకుంటూ పోతుంది. నేను చదివిన పరీక్షలన్నీ లీష్మేనియా పుళ్ళ మీద చేసినవి, ఆ జబ్బేమో మా వైపు పాతుకున్నది కాదు. చర్మం మీద పరాన్నజీవి అనే ఒక్క పోలిక పట్టుకుని రెండొందల కిలోమీటర్లకు పైగా పెట్టె మోసుకొచ్చాను.

"సరే, పనిచేస్తుందనే అనుకో. ఒక్కణ్ణి కూర్చోబెట్టి పావుగంట దీపం పెడతావు. రాత్రికి వాడు పోయి మళ్ళా ఆ నలుగురి మధ్యనే పండుకుంటడు. అప్పుడు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. జవాబు ఆవిడ దగ్గరుంది, ముప్ఫై ఏళ్ళుగా ఉంది. దురద ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ, ఇంట్లో అందరికీ ఒకే రోజు పుయ్యాలి. ఎందుకంటే మొదటిసారి పట్టినవాళ్ళకి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా ఏమీ లేనట్టు తిరుగుతూ అంటిస్తూనే ఉంటారు. ఫిజీ దీవుల్లో ఇదే పనిని పెద్ద ఎత్తున చేసి 2015లో లెక్కలు వేశారు. ఊరు ఊరంతటికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలిస్తే ఏడాదిలో గజ్జి 32 శాతం నుంచి 2 శాతం లోపుకి దిగింది. జబ్బు కనపడ్డవాళ్ళకీ వాళ్ళ దగ్గరివాళ్ళకీ మాత్రమే పూతమందు ఇచ్చిన చోట 37 నుంచి 19కి దిగి ఆగింది. ఆ మాత్రని కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకి నోబెల్ వచ్చింది కూడా అదే ఏడాది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని పట్టించుకోని ఉష్ణమండల జబ్బుల జాబితాలో చేర్చింది 2017లో! పేరులోనే చెప్పేసుకున్నారు, పట్టించుకోలేదని.

నా ఉత్సాహం తప్పని ఇప్పటికీ అనను. బికనీర్‌లోనో, కేరళ అడవి అంచునో మొహం మీద పుండుతో ఉన్న పిల్లకి ఇంజెక్షన్ల బదులు ఒక పూతా, పగటి వెలుతురూ చాలంటే అది చిన్న సంగతి కాదు. ఎండకి కొదవలేని దేశం మనది. కాకపోతే ఆ క్రీము ఖరీదు మన పల్లెటూరి జేబుకి అందేది కాదు. మిథిలీన్ బ్లూ లాంటి చవక రంగులతో బ్రెజిల్‌లో ప్రయత్నించారు. 1876లో బట్టలకి వెయ్యడానికని పుట్టిన రంగు అది, ఎర్లిక్ 1891లో మలేరియాకి వాడి చూశాడు. చవకే గానీ నీలం! మొహం మీద నీలం మచ్చేసుకుని వారం వారం ఆసుపత్రికి ఎవరొస్తారు? ఇరాన్ లెక్కల్లో నాలుగు వారాలు అని చదివినప్పుడు నేను పుళ్ళనే లెక్కపెట్టాను, బస్సు ఛార్జీల్ని లెక్కపెట్టలేదు, పోయిన కూలిరోజుల్ని లెక్కపెట్టలేదు.

చిన్నమ్మ చెప్పినట్టే చేశాం. డాక్టరుగారు వచ్చి పిల్లల్ని చూసి గజ్జేనని తేల్చారు, ఎవరికి ఏది ఎంతో రాసిచ్చారు. భద్రాచలంలో నాలుగు మందుల షాపులు తిరిగి పర్‌మెత్రిన్ ట్యూబులు తెచ్చాను. ఐదిళ్ళు, ఇరవై ముగ్గురు. రాత్రి అన్నాలయ్యాక మెడ దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులూ గోళ్ళ కిందా వదలకుండా పూయించింది. పెద్దవాళ్ళు "మాకేం లేదమ్మా" అని తప్పించుకోబోతే వాళ్ళకే ముందు పూయించింది. పొద్దున్నే స్నానాలు. బట్టలూ దుప్పట్లూ మసిలే నీళ్ళలో నానబెట్టి ఎండేశాం. ఆ వారం అదృష్టం కొద్దీ ఎండ కాసింది. ఉతకడానికి వీలుకానివి సంచుల్లో మూటగట్టి వారం పక్కన పడేయించింది. వారానికి మళ్ళీ ఒకసారి పూత. దానికి నేను లేను, ఆవిడే చేయించింది.

ఆ మొదటి రాత్రి ఎదురింటి పిల్లాడొకడు చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి అతుక్కుని నుంచున్నాడు. ఎనిమిదేళ్ళుంటాయి. ఎంత పిలిచినా రాడు. నాకు తెలుసు వాడేం దాస్తున్నాడో. చిన్నమ్మ ట్యూబు మూత తీసి ముందు తన అరచేతిలో కాస్త పిండుకుని, రుద్ది, చెయ్యి వాడికి చూపించింది.

"నీలం మందు కాదా?" అన్నాడు.

"కాదు. చూడు, అసలు కనపడదు."

వాడు చేతులు ముందుకు తెచ్చాడు.